రేకు ఆకులకు చింతపండు

ఆ ఇంటి నెత్తిన ఉన్నది గచ్చు కాదనీ, రాయి అసలే కాదనీ ఇల్లందు పాత బజారుకు తెలిసింది అది ఊడి కింద పడ్డ రోజున.

వేసవి అప్పుడే మొదలైంది. పొద్దుటి నడక ముగించి, ఎప్పటిలాగే ఆ ఇంటికి, అంటే పూలమేడకు, ఎదురుగా ఉన్న చాయ్ దుకాణం బల్ల మీద కూర్చున్నాను. గాలి ఒక్కసారి గట్టిగా వీచింది. మేడ ముందుగోడ తల దగ్గర ముందుకు పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. దాన్నే మేస్త్రీలు కార్నీసు అంటారు. దాని కింద వరసగా, కొసలు మెలి తిరిగిన పెద్ద పెద్ద ఆకులు. నడుమ, అన్నిటికన్నా పైన, విచ్చుకున్న ఒక పువ్వు. ఆ ఆకుల్లో ఒకటి ఊడి, కింద నిలబెట్టిన స్కూటరు మీద పడింది. స్కూటరు నుజ్జయిందనే అనుకున్నాం అందరం. అది ఖంగుమని మోగి, పైకి ఎగిరి, పళ్లెంలా దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుల దగ్గర ఆగింది.

"అరె, రేకు!" అన్నాడు చాయ్ పోసే ఆయన, చేతిలో గిన్నె పట్టుకునే. "నేను పుట్టినకాడికెల్లి రాయనుకుంటున్న సారూ!"

నేనూ గచ్చు పని అనే అనుకునేవాణ్ని. బొగ్గు గనుల వర్క్‌షాపులో, స్టోర్సు విభాగంలో పనిచేసి రిటైరైన మనిషిని. బోల్టులు, పైపులు, రేకులు, తీగలు, ఉద్యోగమంతా లోహం నడుమనే గడిచింది. ఆ ఆకును చేతిలోకి తీసుకుంటే ఒక మామూలు పుస్తకమంత బరువు కూడా లేదు. వెనక్కి తిప్పి చూశాను. ఈనెలన్నీ లోపలి నుంచి కొట్టి ఉబికించినవి. అంచులను చుట్టూ లోపలికి మడిచారు. వేలితో రాసినా కోసుకోదు. రెండంతస్తుల ఎత్తున, ఎవరి వేలూ తగలని చోట ఉండే ఆకుకు అంచు మడిచిన ఆ చెయ్యి ఎవరిదో గాని, ఆ క్షణాన్నే నాకు దాని మీద గౌరవం పుట్టింది.

ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను డైరీ రాస్తున్నాను. ఎండ, వాన, ఎవరు వచ్చారు, ఏం మాట్లాడారు, ఇవే ఉంటాయి అందులో. ఆ వేసవి పేజీల్లో మాత్రం మిగతా సంగతులు తక్కువ, రేకుల సంగతులు ఎక్కువ. అన్నీ ఇక్కడ ఎత్తి రాయను. చూసినందుకు సంతోషించినవి రాస్తాను.

పూలమేడను బొగ్గు బాయిలు తవ్వే తొలి కాలంలో, పనివాళ్లకు బియ్యమూ బట్టా అమ్మిన ఒక వ్యాపారి కట్టించాడంటారు. రేకులు రైల్లో దిగాయంటారు. ఎక్కడి నుంచి దిగాయో, ఎవరు కొట్టారో చెప్పగలవాళ్లు లేరు. ఇప్పుడు కింద బట్టల దుకాణం, మీది ముందరి గదిలో సరుకు. భర్త పోయాక ఆ దుకాణాన్ని ఒంటిచేత్తో నిలబెట్టిన ఆమె నన్ను అన్నా అని పిలుస్తుంది. కాబట్టి ఆమె కొడుకుకు నేను మామను. ఈమధ్య వ్యాపారంలో సగం అతనే చూసుకుంటున్నాడు.

ఆకు పట్టుకుని దుకాణంలోకి వెళ్లేసరికి తల్లీకొడుకులు దాని గురించే వాదించుకుంటున్నారు.

"ఇయ్యాల స్కూటర్ మీద పడ్డది. రేపు మనిషి నెత్తి మీద పడ్తది, అప్పుడేం జెప్తవ్?" అంటున్నాడు కొడుకు. "ఇగ ఆలోచించుడు లేదమ్మా. మొత్తం పీకిచ్చి ఏసీపీ కొట్టిస్త."

ఏసీపీ అంటే అల్యూమినియం పలకలు. ఇటు ఖమ్మం నుంచి అటు మధిర దాకా దుకాణాల ముఖాలను ఇప్పుడు వాటితోనే కప్పుతున్నారు. నున్నగా మెరుస్తాయి. ఏ ఊళ్లో ఉన్నామో వాటిని చూసి చెప్పలేం.

అలాగని కొడుకు మాటలో అన్యాయం లేదు. ఏటా వానాకాలం మీదిగది ముందుగోడ వెంట నీళ్లు కారతాయి. పోయినేడు పెళ్లిళ్ల కోసం తెచ్చిన పట్టుచీరల మూట అడుగు నుంచి తడిసి, ఒక చీర రంగు ఇంకో చీరకు అంటింది. ఆ చీరలు ఆరేసిన రోజు అతని ముఖం నాకు గుర్తుంది.

"ఏసీపీ కొడితె దుకాణం ఏడున్నదో ఎట్ల జెప్పాలెరా?" అన్నది తల్లి. "గుండాల దిక్కు నుంచి బస్సెక్కెటోళ్లు పూలమేడ కాడ దింపుమంటరు. మీ నాయన పోయినంక నేను బోర్డు గూడ పెట్టలే. ఆ పువ్వే నా బోర్డు."

"బోర్డు నుంచి నీళ్లు కారుతయా ఏడనన్న?"

నేను ఆకును బల్ల మీద పెట్టాను. "రేకు పని తెలిసినోళ్లు ఇంక ఉన్నరేమో ఎతుకుదాం. చూసినంక పీకుడో, పెట్టుడో అనుకుందురు," అన్నాను.

కొడుకు ఆకును అటూ ఇటూ తిప్పి చూశాడు. "సరే మామా. వానలు పడేదాంక ఆగుత. మొదటి పెద్దవానకు మీదిగదిల ఒక్క చుక్క కనపడ్డదనుకో, ఏసీపోళ్లకు ఫోన్ జేస్త. అప్పుడు అమ్మ అడ్డం రావద్దు."

"రాను పో," అన్నదామె. అని, ఆ ఆకును తీసుకుని కొంగుతో తుడిచి, గల్లాపెట్టె పక్కన దేవుడి పటం కింద ఆనించి పెట్టింది.

రేకు మేస్త్రీ చండ్రుగొండ దారిలో దొరికాడు. ధాన్యం డబ్బాలు, కోళ్ల ఫారాలకు మేత తొట్లు, ఎండాకాలం కూలర్ డబ్బాలు చేస్తుంటాడు. తెల్లగడ్డం, పెద్ద గొంతు. వినయం ఆయన గడప తొక్కిన దాఖలా లేదు. "ఈ జిల్లాల రేకు నా మాట ఇన్నట్టు ఎవ్వని మాట ఇనది సారూ," అన్నాడు పరిచయమైన కాసేపటికే. వయసులో ఉన్నప్పుడు భద్రాచలం వైపు తలుపులకు ఇత్తడి తొడుగులు కొట్టే ఒక పనివాడి దగ్గర కొన్నేళ్లు ఉన్నాడట. ఆ పని మళ్లీ దొరకలేదట. ఈ మాట ఒక్కటి మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

బొంగులతో పరంజా కట్టించి ఎక్కాడు. కింద నిలబడి పైకి చూసి చూసి నాకు మెడ నొప్పి పుట్టింది గాని ఆయన దిగలేదు. మాట కూడా వినిపించలేదు. అంత గొంతున్న మనిషి పలకకపోతే భయమేసింది. చివరికి దిగి, చాయ్ అడిగి, తాగి అన్నాడు.

"గిది చేసినోడు మనిషి గాదు సారూ."

"మరి?"

"మొండోడు."

ఆ రోజు నుంచి మా మాటల్లో ఆ పేరు తెలియని పనివాడికి మొండోడు అనే పేరు స్థిరపడింది. నన్నూ పైకి ఎక్కించి చూపించాడు. ఎక్కడా బయటికి మేకు కనపడదు. ఒక్కో ముక్క వెనక చిన్న కొక్కెం లాంటి మడత. అది పక్క ముక్క మడతలో తగులుకుని వేలాడుతుంది. బిగింపు లేదు. మేస్త్రీ అరచెయ్యి ఆనించి నెడితే ముక్క గోరు మందం జరిగి మళ్లీ వెనక్కి వచ్చింది.

"ఎండకు రేకు సాగుతది, చల్లబడితె ముడుచుకుంటది. మొండోడు దానికి ఆడుకునేటందుకు జాగ ఇడిసిండు. మన ఇంటి ఆడపిల్లకు గూడ మనం గంత జాగ ఇయ్యం."

కార్నీసు వెనక, బయటికి కనపడకుండా, ఒక రేకు దోనె ఉంది. మేడ కప్పు మీద కురిసిన నీళ్లన్నీ అందులో పడి, రెండు కొసలా ఉన్న గొట్టాల్లోంచి వీధిలోకి దూకాలి. అదీ మొండోడి ఏర్పాటు. తర్వాతి కాలంలో ఎవరో మరమ్మతు చేస్తూ, అదేదో అనవసరపు కాలువ అనుకుని సిమెంటుతో పూడ్చేశారు. వేలాడుతున్న ఆకులు కదులుతున్నాయని ఇనుప మేకులు దిగ్గొట్టారు. మేకులు తుప్పు పట్టి చుట్టూ ఉన్న రేకును తినేశాయి.

"నీళ్లు పోయే తోవల సిమెంటు పెట్టిన్రు," అన్నాడు మేస్త్రీ కిందికి వంగి, దుకాణం మెట్ల మీద నిలబడ్డ కొడుకుకు వినపడేలా. "ఇగ నీళ్లు ఏడికి పోవాలె? ఎండదెబ్బ తగిలిందని నీ చీరల మీద పండుకున్నయ్."

మొత్తం దించాలి. సిమెంటు తవ్వాలి. దోనె కొత్తది చేయాలి. తుప్పు తిన్న ఆకుల స్థానంలో కొత్తవి కొట్టాలి. అంతా మళ్లీ పైకెక్కించాలి. వానలు రాకముందే.

దించే పనిలో నాకూ ఒక భాగం దొరికింది. ఏ ముక్క ఎక్కడిదో తెలియకపోతే మళ్లీ తగిలించడం కుదరదు. స్టోర్సులో చేసిన అలవాటు ప్రకారం ప్రతి ముక్క వెనకా ఎడమ, నడుమ, కుడి అని రాసి, పక్కన అంకె వేసి, డాబా మీద అదే వరసలో పరిచాను.

"సారు రేకులకు ఆధార్ కార్డులిస్తుండు," అని మేస్త్రీ బజారంతా వినేలా అరిచాడు. "ఫొటోలు గూడ దించు సారూ, రేషన్‌కు పనికొస్తయ్!"

నవ్వినవాళ్లు నవ్వారు. తగిలించే రోజుల్లో పై నుంచి "ఎడమ పదకొండు ఏడున్నది సారూ, జల్దీ!" అని ఆయనే అరుస్తుంటే నేను నింపాదిగా అందించాను.

పాత రంగు గీకడం మొదలుపెట్టాక ఇంకో వింత. పొర కింద పొర. తెలుపు కింద బూడిద, దాని కింద గులాబి, ఆకుపచ్చ, నీలం. ఒక్కో తరం తన పెళ్లిళ్లకో, పండుగలకో వేయించుకున్న రంగులు. అన్నిటికన్నా అడుగున లేత ఇసుక రంగు. మొండోడు వేసింది అదే. రాయి అని నమ్మించడానికి రంగులో సన్నని ఇసుక కూడా కలిపినట్టున్నాడు, చేతికి గరుకుగా తగిలింది. ఇన్నేళ్లు ఊరంతా నమ్మిన మాయ ఎక్కడ మొదలైందో ఆ గరుకు దగ్గర తెలిసింది. దుకాణం ఆమె ఆ రంగునే మళ్లీ వేయించాలన్నది. గులాబి బాగుంటుందన్న చాయ్ దుకాణం ఆయన మాట ఎవరూ పట్టించుకోలేదు.

ఇక ఆ ఆకు ఏ ఆకు అన్నది పెద్ద తగాదా. అంగడి రోజున మేడ అరుగు మీద, కార్నీసు నీడలో, అడవి పల్లె నుంచి వచ్చే ఒక ముసలామె అడ్డాకులు, చీపుర్లు, కాలాన్ని బట్టి తునికిపండ్లు, చింతపండు పెట్టుకుని అమ్ముతుంది. అందరూ ఆమెను అవ్వ అంటారు. మేస్త్రీ పాత ఆకును ముందు పెట్టుకుని కొలతలు తీస్తుంటే చుట్టూ జనం చేరారు.

"క్యాబేజీ," అన్నాడు చాయ్ ఆయన.

"బొప్పాయి," అన్నాడు కొడుకు. "కొసలు సూడున్రి."

"అవ్వా, అడివంతా నీ ఇల్లే గద. నువ్వు జెప్పు," అన్నాడు మేస్త్రీ.

ఆమె ఆకును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని చూసింది. "మా అడివిల ఇసుంటిది లేదు. మేకకు పెట్టి సూడున్రి. తింటె ఆకు, తినకుంటె రేకు," అన్నది.

ఆ తీర్పు మీద తగాదా ముగిసింది.

కొత్త ఆకు కొట్టడం నేను దగ్గర కూర్చుని చూశాను. నా జీవితంలో చూసిన మంచి పనుల్లో అదొకటి. గుగ్గిలం కరిగించి, మెత్తని ఇటుక పొడి, కొంచెం నూనె కలిపి, వెడల్పాటి ఇనుప పళ్లెంలో పోశాడు. చల్లారితే అది గట్టిగానూ ఉండదు, మెత్తగానూ ఉండదు. రేకును దాని మీద అతికించి వెనక నుంచి కొడితే లోపలికి కావలసినంతే దిగుతుంది, అడ్డదిడ్డంగా చీలదు. తొడుగులు కొట్టిన రోజుల్లో నేర్చుకున్న విద్య అది. ఉలులు కొన్నవి కావు. పాత లారీ ఇంజను వాల్వులను అరగదీసి, ఒక్కోదాని మొనను ఒక్కో తీరుగా గుండ్రం చేసుకున్నాడు. ఇన్నేళ్లూ కూలర్ డబ్బాలు చేసుకుంటూ, ఆ ఉలులను మాత్రం నూనెగుడ్డలో చుట్టి దాచాడంటే ఆశ ఎక్కడో మిగిలే ఉండాలి.

మొదటి ఆకు పాడైంది. వెల్లకిలా పడ్డ కప్పలా ఉంది. మేమెవరం అనకముందే ఆయనే, "కప్ప," అని దాన్ని మూలకు విసిరాడు. రెండోది మడత దగ్గర చిరిగింది. మూడోదానికి వచ్చేసరికి సుత్తి చప్పుడే మారిపోయింది. పెద్దగా కొట్టడం మానేసి, పక్కపక్కనే చిన్న చిన్న దెబ్బలు, వాన మొదలయ్యే ముందు చినుకుల్లాగా. ఈనె ఒక్కటే లేచేది. తర్వాత దాని పక్కన లోయ దిగేది. ఆకు కొస మెలి తిరిగే చోట రేకును నిప్పు మీద కొంచెం వెచ్చజేసి, బొటనవేలితో తిప్పాడు. అంత పెద్ద గొంతు మనిషి ఆ పని జరుగుతున్నంతసేపూ శ్వాస కూడా వినపడకుండా తీశాడు.

పూర్తయ్యాక రెండు ఆకులూ, పాతదీ కొత్తదీ, నా ఒళ్లో పెట్టి, "కండ్లు మూసుకో సారూ. ఏది ఎవరిదో చెప్పు," అన్నాడు.

వేళ్లతో తడిమాను. పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఒకదానిలో వంపు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలియలేదు. "ఇది మొండోడిది," అన్నాను.

కళ్లు తెరిచేసరికి ఆయన గడ్డం దువ్వుకుంటూ నవ్వుతున్నాడు. "అవ్. కింద నుంచి చూస్తె ఎవ్వడు చెప్పలేడు. కని ఆయన చెయ్యి ఇంక నా చేతికి రాలే." ఆ తర్వాత కొట్టిన ఆకులన్నీ దానికన్నా బాగా వచ్చాయి.

దోనె ముక్కలు కూడా తయారై, కొత్త రేకు మెరుస్తూ డాబా మీద వరసగా నిలిచాయి. మర్నాటి నుంచి ఎక్కించడం మొదలు. మేస్త్రీ ఆ రోజు బంధువుల ఇంట్లో పెళ్లికి వెళ్లాడు. జరగకూడనిది ఆ పూటే జరిగింది.

మన ఇళ్లలో ఏ లోహపు వస్తువైనా దేవుడి దగ్గరికో, శుభకార్యానికో వెళ్లే ముందు చింతపండు పెట్టి తోముతాం. బిందె, దీపపు కుందె, గంట, అన్నీ. ఇంటి నెత్తికి ఎక్కబోయేవాటిని ఊరికే ఎలా పంపడం అనుకున్నది దుకాణం ఆమె. అవ్వ దగ్గర కొత్త చింతపండు కొన్నది, ఆమెను సాయం రమ్మన్నది. ఇద్దరూ డాబా మీద కూర్చుని చింతపండు, బూడిద, కొబ్బరిపీచు పెట్టి ఆకులనూ దోనె ముక్కలనూ తోమారు. నేను మెట్లెక్కేసరికి పని చివరికి వచ్చింది. కొడుకు నాకన్నా ముందే వచ్చినట్టున్నాడు. దోనె చివరి ముక్కను తల్లి చేతుల్లోంచి లాక్కుని గదిలోకి పట్టుకుపోతున్నాడు.

"ఇదొక్కటన్న ఉండనియ్యమ్మా!"

దగ్గరికి వెళ్లి చూశాను. అద్దంలా ఉన్న రేకంతా వెలిసిపోయి, మచ్చలు మచ్చలుగా నల్లబడింది.

"మెరుస్తదనుకున్న అన్నా," అన్నదామె. చేతిలో చింతపండు ముద్ద అలాగే ఉంది. "దేవుని బింద లెక్క మెరుస్తదనుకున్న."

కబురు అందుకున్న మేస్త్రీ పెళ్లిబట్టల్లోనే వచ్చాడు. "అమ్మా, నీకు దండం బెడ్త! ఇది ఇత్తడి గాదు, రాగి గాదు, జింకు రేకు. దీనికి పులుపు తగిలితె మొకం మాడ్చుకుంటది!"

"ఎవ్వలన్న ముందుగాల జెప్పాలె," అన్నది అవ్వ, చేతులు కడుక్కుంటూ. "ఇంత చింతపండు! పులుసు పెడితె ఊరంత తిందురు."

ఎవరూ నవ్వలేదు. కొడుకు తల్లితో ఏమీ అనలేదు. అదే ఆమెకు ఎక్కువ తగిలినట్టుంది. పీకొద్దని పట్టుబట్టిన మనిషే చేజేతులా పాడుచేసిందని అతను అనుకుంటున్నట్టు ఆమెకు తెలుసు. ఆ మధ్యాహ్నమంతా ఎండలో నిలబడి, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా, ఒక్కో ముక్కను బిందెల కొద్దీ నీళ్లతో కడిగి గుడ్డతో తుడిచింది.

మేస్త్రీ కోపం దిగాక గోటితో గీకి చూశాడు. "పైతోలు పోయింది, పానం పోలే. రంగేస్తె కనపడది," అన్నాడు. ఆకులకూ పువ్వుకూ ఇసుక రంగు వేశాం. దోనె ఎలాగూ బయటికి కనపడేది కాదు.

ఎక్కించడం మొదలైంది. దోనె ముక్కలను పైన ఒకదానికొకటి టంకం పెట్టి అతకాలి. కొత్త రేకు మీద కంటికి కనపడని నూనె జిడ్డు ఉంటుంది. అందుకని అతికే ముందు అంచులను గరుకైన ఉప్పు కాగితంతో బాగా రుద్దుతారు. రుద్దడం ఎక్కువ సేపు, అతకడం తక్కువ సేపు. మేస్త్రీ అలవాటుగా ఉప్పు కాగితం తీయబోయి, నల్లబడ్డ అంచును చూసి, ఊరికే ఒకసారి కాల్చిన కడ్డీ ఆనించాడు. టంకం వేడి అన్నంలో నెయ్యిలా అంచు పొడవునా పాకిపోయింది.

"అరె!" అన్నాడు. ఇంకో అతుకు. అదీ అంతే. రుద్దవలసిన పని చింతపండు ముందే చేసి పెట్టింది.

"అమ్మకు చెప్పకు సారూ," అన్నాడు నా చెవి దగ్గర. "ఇగ రేపటికెల్లి నా రేకులన్ని పులుసుల ఏస్తది."

నేను చెప్పలేదు. ఆమె కింద నిలబడి పైకి చూస్తూ, అడిగినవాటికి మాత్రమే పలుకుతూ ఉండేది. చెప్పి ఉండవలసింది అని తర్వాత అనిపించింది గాని, అప్పటికి అది ఒక అతుకు సంగతే.

చివరి ముక్క ఎక్కించే సాయంత్రం అడవి వైపు ఆకాశం నల్లబడింది. గాలికి బొంగులు కిర్రుమన్నాయి. మేస్త్రీ తొందర తొందరగా ఆ అతుకు పెట్టి, చివరి ఆకులు తగిలించి, పువ్వును నడుమ నిలబెట్టి దిగాడు. దిగిన తర్వాత అందరం రోడ్డుకు అవతలికి పోయి నిలబడి చూశాం. ఏమని రాయను. ఇన్నేళ్లు చూసిన మేడే. మొదటిసారి ముఖం కడుక్కుని బయటికి వచ్చినట్టుంది. ఆ సందె వెలుగులో రేకు అని చెప్పినా నమ్మేవాళ్లు లేరు. చాయ్ ఆయన మళ్లీ, "రాయే," అన్నాడు.

ఆ మబ్బు ఆ రోజు కురవకుండానే పోయింది. తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, అసలు వాన వచ్చింది. చినుకుల్లేవు, ముందు చెప్పడం లేదు. ఒక్కసారే కుండలు బోర్లించినట్టు. నేను గొడుగేసుకుని పరుగులాంటి నడకతో వెళ్లేసరికి తల్లీ కొడుకూ మీదిగదిలో ఉన్నారు. కోళ్ల ఫారం తొట్ల పని మీద ఊళ్లోకే వచ్చి ఉన్న మేస్త్రీ తల మీంచి నీళ్లు కారుతుండగా నా వెనకే ఎక్కాడు.

నలుగురం గోడకేసి చూస్తూ నిలబడ్డాం. గోడ వెనక దోనెలో నీళ్లు పరుగెత్తే చప్పుడు వినపడింది. కిటికీలోంచి చూస్తే రెండు కొసలా గొట్టాల్లోంచి ధారలు విల్లులా వంగి వీధిలో పడుతున్నాయి. మొండోడు ఎలా అనుకున్నాడో అలాగే. గోడ పొడిగా ఉంది. కొడుకు అరచెయ్యి పెట్టి చూశాడు, ఇంకో చోట పెట్టి చూశాడు. తల్లి పెదవులు కదులుతున్నాయి.

వాన ఇంకా పెరిగింది. అప్పుడు, కుడివైపు మూలన, కప్పూ గోడా కలిసే చోట ఒక తడి చుక్క మెరిసింది. లావైంది. జారి, చీరల మూట మీద టప్పున పడింది.

రెండో చుక్క కూడా పడింది.

దుకాణం ఆమె బల్ల మీదున్న కొడుకు ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. "ఫోన్ జెయ్యి బిడ్డా," అన్నది. గొంతు మామూలుగానే ఉంది. "అడ్డం రానన్న గద. రాను."

కొడుకు ఫోను పట్టుకుని మూల వైపు చూస్తూనే ఉన్నాడు. "మామా, అది ఏ ముక్క?"

"కుడి కొస. అన్నిటికన్న ఆఖరుగ పెట్టింది," అన్నాను.

మేస్త్రీ నుదురు కొట్టుకున్నాడు. "హాయ్ అల్లా! ఆ ముక్కకు రుద్దుడే మరిచిన." తర్వాత దాచకుండా అంతా చెప్పాడు. చింతపండు తోమిన అంచులకు రుద్దే పనే లేకపోయిందని, అన్నాళ్లు రుద్దకుండా అతికిన చెయ్యి ఆఖరి ముక్కకు కూడా అట్లనే పోయిందని, అదొక్కటి మెరుస్తుంటే శుభ్రంగా ఉందనుకున్నానని, జిడ్డు మీద టంకం పైపైనే నిలబడ్డదని. "తోమినయ్యన్ని గట్టిగున్నయ్. తోమందొక్కటే మోసం జేసింది."

"తోమందొక్కటా?" అన్నది ఆమె.

"అవ్ అమ్మా. నీ కొడుకు గుంజుకపోయిన ముక్క."

ఆమె కొడుకు వైపు చూసింది. అతను ఆమె వైపు చూడలేదు. కాసేపు చుక్కనే చూశాడు. అది మళ్లీ పడింది. అతనికి నవ్వొచ్చింది. ఆపుకోబోయాడు, ఆగలేదు. ఫోను జేబులో పెట్టుకుని, చీరల మూటను కాలితో పక్కకు నెట్టి, మూలనున్న స్టీలు బకెట్టును తెచ్చి చుక్క కింద పెట్టాడు.

"ఒక్క చుక్క అన్నవ్ గదరా," అన్నది తల్లి, ఇంకా నమ్మకం కుదరక.

"అది నా చుక్కమ్మా. మేస్త్రీది గాదు, నీది గాదు. లెక్కల రాదు." మేస్త్రీ వైపు తిరిగాడు. "ఎండ రాంగనే ఎక్కు. దానికి గూడ చింతపండు పెట్టే అతుకు."

"ఉప్పు కాగితం ఉన్నది గదా సేటూ..."

"ఉప్పు కాగితం గాదు. చింతపండు."

ఎండ కాసిన రోజున ఆ చివరి ముక్క అంచును తోమింది దుకాణం ఆమే. దించిన ముక్కను ఒళ్లో పెట్టుకుని, తొందర లేకుండా, దేవుడి బిందెను తోమినట్టే తోమి, నీళ్లతో కడిగి, తుడిచి మేస్త్రీకి అందించింది. పక్కన కొడుకు చెంబుతో నీళ్లు పోశాడు. ఆ తర్వాత ఆ వానాకాలమంతా గది పొడిగా ఉంది. గుండాల బస్సు దిగేవాళ్లు ఇప్పటికీ పూలమేడ కాడే దిగుతున్నారు. నేను చాయ్ దుకాణం బల్ల మీద కూర్చుని రోజూ ఆ ఆకులు చూస్తాను. ఏవి మొండోడివో, ఏవి మేస్త్రీవో ఇంత దూరం నుంచి నాకూ తెలియదు. తెలియకపోవడంలో ఒక సుఖం ఉంది.

మేస్త్రీకి ఇప్పుడు ఇంకో పాత ఇంటి పని వచ్చింది. అంగడి రోజు ఇల్లందు వచ్చి పూలమేడ అరుగు దగ్గర ఆగుతాడు. అవ్వ తక్కెడ చేతిలోకి తీసుకుని, తలెత్తకుండానే అడుగుతుంది.

"కూరకా, రేకుకా?"